సావిడిలో లేతు, కొలువులో ఇంజను

మా ఊరు పాలకొల్లుకి దగ్గర. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాన్నగారి కాలం నాటి పశువుల సావిడిలో ఇప్పుడు గేదెలు లేవు. లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మిషను ఒకటి, ఒక బెంచి డ్రిల్లు, ఒక గ్రైండరు ఉన్నాయి. లేతు పంజాబులోని బటాలా తయారీ, దాని బెడ్డు, అంటే అడుగునుండే పట్టాల భాగం, నాలుగున్నర అడుగులు. మూతపడిన ఓ రైసుమిల్లు వర్క్‌షాపులో తుక్కు ధరకి దొరికింది. దానికి ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు తగిలించుకున్నాను. దాని మీద ఎవరి దగ్గరా డబ్బు తీసుకుని పని చెయ్యను. "మరెందుకండీ అది?" అని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. ఇంట్లో హార్మోనియం పెట్టుకున్నవాణ్ణి ఎవరూ అలా అడగరు కదా అనిపిస్తుంది కానీ పైకి అనను.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు డెల్టాలో ఇంకో నలుగురు దొరికారు. తణుకులో ఒకాయన ఐటీఐలో టర్నరు ట్రేడు చెప్పి రిటైరయ్యారు. మా అందరికీ ఆయన మాస్టారు. నరసాపురం వైపు ఒక హోమియో డాక్టరుగారు, గడియారాలంటే ప్రాణం పెడతారు. భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసేవాడు నాకు వరసకి బావ. అమలాపురం దగ్గర కొబ్బరి వ్యాపారం చేసే ఆయన్ని మేం షావుకారుగారనే పిలుస్తాం. ఏడాదంతా ఎవరింట్లో వాళ్ళం గీక్కుంటూ ఉంటాం. సంక్రాంతికి మాత్రం ఒకచోట చేరి, ఆ ఏడాది చేసిన వస్తువు బల్ల మీద పెట్టాలి. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి మాది ముక్కనుమ. ఈసారి వంతు మా ఇంటికి వచ్చింది.

మా ఇంట్లో సంక్రాంతి మూడు రోజులూ బొమ్మల కొలువు పెడతారు. కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, మా అమ్మగారి పెళ్ళినాటి మట్టి సెట్టి దంపతులు. "ఏటేటా అవే బొమ్మలు, అలాగే నించుంటాయి. ఈసారి ఏదైనా కదలాలి నాన్నా" అంది మా అమ్మాయి. బ్యాటరీ బొమ్మ కొనిపెడితే సరిపోయేది. నేను ఇంజను చేస్తానన్నాను. రంగులరాట్నం ఒకటి కట్టి, అందులో లక్క బొమ్మల్ని కూర్చోబెట్టి, దాన్ని నా ఇంజను తిప్పాలి.

ఈ సంగతి మాస్టారికి ఫోన్లో చెబితే ఆయన అడిగింది ఒక్కటే. "ఏ ఇంజను?" వాబ్లర్ అన్నాను. అంటే సిలిండరు అటూ ఇటూ ఊగే ఆవిరి ఇంజను. ఊగేటప్పుడే దాని బెజ్జం వెనక పలకలోని బెజ్జాలకి ఎదురుగా వచ్చి, ఒకవైపు గాలి లోపలికి, ఇంకోవైపు బయటికి వెళ్తుంది. వేరే వాల్వులూ, వాటిని కదిపే కడ్డీలూ ఏవీ ఉండవు. "మంచిదే. నోటితో ఊదితే తిరగాలి. కంప్రెసరు పెట్టి తిప్పితే నేనొప్పుకోను" అన్నారు. సరదాకి అన్నారనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అంతకంటే కఠినమైన పరీక్ష ఇంకోటి లేదు. కంప్రెసరు గాలి నాలుగైదు బార్ల ఒత్తిడితో (ఒక బారంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) వస్తుంది కాబట్టి ఎక్కడ లీకున్నా, ఎక్కడ పట్టేస్తున్నా తోసుకుని తిప్పేస్తుంది. మనిషి ఊపిరి ఒత్తిడి బారులో పదో వంతు కూడా కష్టమే. పని ఎంత శుభ్రంగా జరిగిందో అక్కడ తేలుతుంది.

ఆవిరి ఇంజను అన్నాక బాయిలరు లేకపోవడమేంటని బావ వెక్కిరించాడు. పేరంటానికి పిల్లలూ పట్టుచీరలూ వచ్చే గదిలో ఒత్తిడి మీద మరిగే నీళ్ళు పెట్టే ధైర్యం నాకు లేదు. అనుభవం లేకుండా మొదటి ఇంజనుకే బాయిలరు కట్టాలనుకునేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. గాలితో తిరిగినా ఇంజను ఇంజనే.

కాగితం మీద లెక్క మొదలుపెట్టాను, ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. సిలిండరు బోరు, అంటే లోపలి వ్యాసం, 12 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టను నడిచే దూరం, 20. అంటే పిస్టను కడ్డీ పట్టుకుని షాఫ్టుని తిప్పే క్రాంకు పిన్ను షాఫ్టు కేంద్రానికి 10 మి.మీ. దూరంలో ఉంటుంది. సిలిండరు ఊగే ఇరుసు నుంచి క్రాంకు షాఫ్టుకి 45 మి.మీ. ఇరుసుకి పైన 13 మి.మీ. ఎత్తున సిలిండరులో బెజ్జం. క్రాంకు తిరుగుతుంటే ఆ బెజ్జం పక్కకి ఎంత జరుగుతుంది? 13ని 10తో గుణించి 45తో భాగిస్తే చాలు, 2.89 మి.మీ. వస్తుంది. పదో తరగతి సరూప త్రిభుజాలే. కాబట్టి వెనక పలకలో మధ్యగీతకి అటు 2.89, ఇటు 2.89 దూరంలో రెండు బెజ్జాలు పెట్టాలి. బెజ్జం సైజు ఆ 2.89 దాటకూడదు. దాటితే పిస్టను పై చివర, కింది చివర ఉన్నప్పుడు రెండు బెజ్జాలూ ఒకేసారి తెరుచుకుని, గాలి ఇటునుంచి ఇటే పారిపోతుంది. నేను 2.5 మి.మీ. డ్రిల్లు ఎంచుకున్నాను. మధ్యలో మూసి ఉంచే గోడ 0.39 మి.మీ. మిగులుతుంది. ఈ ఇంజను బతుకంతా ఆ 0.39లోనూ, ఆ ముఖం ఎంత చదునుగా ఉందన్న దానిలోనూ ఉంది. మిగతా భాగాల్లో కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తుంది.

ఈ లెక్కే మా తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద వేశాను. "సిలబస్‌లో ఉందా సార్?" అన్నాడొకడు.

లోహం ముట్టుకునే ముందు లేతుని సర్దాలి. డెల్టాలో ఇంట్లో లేతు పెట్టుకున్నవాళ్ళ మొదటి శత్రువు కింద ఉన్న నల్లమట్టి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నేల బీటలు తీస్తుంది. జూన్‌లో నీళ్ళు వదిలాక చుట్టూ చేలన్నీ నిండి, మట్టి పీల్చుకుని ఉబ్బుతుంది. సావిడిలో రెండడుగులు తవ్వి, ఇసుక నింపి, దాని మీద కాంక్రీటు పోయించాను. అయినా మే నెలలో మట్టం చూసి బిగించిన లేతు డిసెంబరుకి ఒక మూల లేచి ఉంటుంది. తాపీమేస్త్రీ రసమట్టంతో చూస్తే బుడగ నడిమధ్యే నిలబడుతుంది, కానీ బెడ్డు మెలి తిరిగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మాస్టారు నేర్పిన పద్ధతి ఉంది. అంగుళం లావు కడ్డీని చక్‌లో, అంటే ముక్కని పట్టి తిప్పే దవడల్లో, ఒక్కవైపే బిగించి, రెండో చివర ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ ఆనించకుండా, కడ్డీ మీద ఆ చివరా ఈ చివరా రెండు పట్టీల్లాంటి ఎత్తులు మిగల్చాలి. టూలు కదపకుండా రెండింటినీ ఒకే సెట్టింగు మీద సన్నగా కోసి మైక్రోమీటరుతో కొలవాలి. సైజుల్లో తేడా వస్తే టెయిల్‌స్టాక్ వైపు కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి సర్దాలి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ఇంచుమించు 0.1 మి.మీ. ఉంటుంది, దానికంటే చవకైన షిమ్ము లేదు.

రెండో శత్రువు తుప్పు. సముద్రం దూరమేమీ కాదు, గాలిలో ఉప్పుంటుంది. వాయుగుండం పట్టిన రోజుల్లో రాత్రి తుడిచిన బెడ్డు తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పాత ఇంజనాయిల్ రాసి, పైన కప్పేసి, లోపల ఒక నలభై వాట్ల బల్బు వెలిగించి ఉంచడం పాతవాళ్ళ చిట్కా. ఇప్పుడా బల్బులు దొరకడమే గగనమైపోయింది, ఎల్‌ఈడీ పెడితే వేడి రాదు. కరెంటు బిల్లు తగ్గించిన వస్తువు మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

సిలిండరుకి 22 మి.మీ. నాలుగు పలకల ఇత్తడి కడ్డీ రాజమండ్రిలో తూకానికి కొన్నాను. దాన్ని నాలుగు దవడల చక్‌లో కావాలనే పక్కకి జరిపి బిగించాను. బోరు సరిగ్గా మధ్యలో వస్తే అన్నివైపులా గోడ 5 మి.మీ. వస్తుంది. నాకు ఇరుసు పిన్ను మర బిగించే వైపు 6 కావాలి, అవతల 4 ఉన్నా ఫర్వాలేదు. డయల్ గేజి పెట్టి దవడలు ఒకటి వదులు చేసి ఎదుటిది బిగిస్తూ సర్దుకోవడం తొందర ఉన్నవాడికి శిక్ష. నాకు మాత్రం ఆ ముల్లు ఊగుడు తగ్గుతూ తగ్గుతూ నిలబడే క్షణం కోసమే నాలుగు దవడల చక్ ఇష్టం. 11.5 వరకు డ్రిల్లు దింపి, బోరింగ్ టూలుతో మరి కొంచెం తీసి, చివర్న బెజ్జాన్ని సరిగ్గా సైజుకి తెచ్చే 12 రీమరు చేత్తో నడిపాను. ఇత్తడికి టూలు పైముఖం వాలు లేకుండా చదునుగా ఉండాలి. ఉక్కుకి పెట్టినట్టు వాలు పెడితే టూలు లోపలికి లాక్కుపోతుంది.

పిస్టను పోత ఇనుముతో చేశాను. పాత ఆయిలింజను లైనరు ముక్క బావ ఇచ్చాడు. ఇత్తడిలో ఇత్తడి నడిస్తే ఒకదాన్నొకటి గీరుకుంటాయి. పోత ఇనుములో ఉండే గ్రాఫైటు దానికదే కందెన. నూనె నిలవడానికి పిస్టను మీద రెండు సన్న గాళ్ళు తీశాను. పిస్టనుకీ బోరుకీ మధ్య సందు 0.02 మి.మీ. ఈ అంకె కొలిచి సాధించింది కాదు. సన్న ఎమరీ కాగితంతో కొంచెం రుద్దడం, తుడవడం, బోరులోకి వదిలి చూడడం. నూనె లేకుండా నిలువుగా పట్టుకుంటే పిస్టను తన బరువుకి నెమ్మదిగా జారాలి, కింద వేలితో మూస్తే గాలి దిండు మీద ఆగిపోవాలి. ఆ ఆగడం చూశాక మైక్రోమీటరు పెట్టెలో పెట్టేశాను.

షాఫ్టుకి ఏం వాడాలో ఎవరైనా అడిగితే పాత ప్రింటర్లు పారెయ్యొద్దని చెబుతాను. లోపల హెడ్డు అటూ ఇటూ పరిగెత్తే కడ్డీ ఉంటుంది, గ్రైండింగ్ చేసి మెరుగుపెట్టినది. అంత గుండ్రంగా, నిటారుగా ఉన్న కడ్డీ మన బటాలా లేతు మీద తియ్యడం కష్టం. మా స్కూల్లో మూలపడ్డ ప్రింటరుని హెడ్మాస్టరుగారి అనుమతితో విప్పాను. ఫ్లైవీలుకి పోత బిళ్ళ ఒక ఫౌండ్రీలో పోయించాను. దాని అంచు మీద టూలు జారిపోయింది తప్ప తెగలేదు. పల్చటి పోత త్వరగా చల్లారితే పైపొర గాజులా గట్టిపడుతుంది. దాన్ని మీద మీద గీకితే టూలు మొద్దుబారడమే. కార్బైడ్ టూలు పెట్టి, స్పీడు తగ్గించి, మొదటి కోతే ఆ పొర కిందికి దిగేలా తీస్తే లోపల మామూలుగా తెగింది.

ఇక వెనక పలకలో ఆ రెండు బెజ్జాలు. 2.89ని స్కేలుతో గుర్తుపెట్టి డ్రిల్లు దింపితే ఎంత జాగ్రత్తపడ్డా పదో వంతు మిల్లీమీటరు అటో ఇటో పోతుంది. కొలవకుండా చేసే ఉపాయం ఒకటుంది. ఒక ఉక్కు పట్టీ తీసుకుని ఒక బెజ్జం ఇరుసుకి, దానికి సరిగ్గా 13 దూరంలో 2.5 బెజ్జం ఒకటి, రెండో చివర క్రాంకు పిన్ను జారేలా ఒక గాడి. దాన్ని సిలిండరుకి బదులు ఇంజనుకే తగిలించి క్రాంకు తిప్పాలి. పట్టీ ఒకవైపు ఎంతవరకు ఊగగలదో అంతవరకు ఊగాక క్లాంపు వేసి, పట్టీలోని బెజ్జం గుండా పలకలోకి డ్రిల్లు దింపాలి. రెండోవైపు కూడా అంతే. ఇంజను తన బెజ్జాలు ఎక్కడుండాలో తానే చూపిస్తుంది. షాఫ్టు దూరంలోనో క్రాంకులోనో చిన్న తేడాలు ఉన్నా వాటిని కలుపుకునే బెజ్జాలు పడతాయి. లెక్క తెలిసినవాడికి లెక్కని పక్కన పెట్టేయడంలో ఉండే సుఖం వేరు.

ముఖాలు అరగదీయడానికి పాత టీపాయ్ అద్దం, దాని మీద తడి ఎమరీ కాగితం పెట్టుకున్నాను. ముందు 600 నంబరు, తర్వాత ఇంకా సన్నది 1000, చివరికి అద్దం మీదే బ్రాసో చుక్కలు. తెలుగు నాలుగు అంకె రాసినట్టు వేలితో తిప్పుతూ, మధ్యమధ్య ముక్కని తొంభై డిగ్రీలు మార్చాలి. లేకపోతే చేతి బరువు పడ్డవైపే ఎక్కువ అరుగుతుంది. మార్కరు పెన్నుతో ముఖమంతా గీతలు గీసి రుద్దితే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఇరుసు చుట్టూ కొంచెం గుంట తీసేశాను. అంచులూ బెజ్జాల చుట్టుపక్కలా ఆనితే చాలు, మధ్యలో ఆనితే సిలిండరు దాని మీద దొర్లుతుంది. సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని ఇదే పని. "తిరగలి పెట్టారా" అని మా ఆవిడ విసుక్కుంది.

ధనుర్మాసం వచ్చేసరికి సావిడికి జనం రాక మొదలవుతుంది. తెల్లవారుజామున హరిదాసు, తొమ్మిదికి గ్రైండరు కోసం వచ్చేవాళ్ళు. సంగతేంటంటే, కోడికత్తులు. పందేల్లో పుంజు కాలికి కట్టే కత్తికి పదును కావాలి, లేదా కొత్తది చేసిపెట్టాలి. "మీ దగ్గర మిషన్లున్నాయి కదండీ, అయిదు నిమిషాల పని" అంటారు. ఎంతిస్తామో కూడా చెబుతారు, ఆ మొత్తం వింటే నా జీతం మీద నాకే చిన్నచూపు కలుగుతుంది. కత్తికట్టు పందెం చట్టానికి విరుద్ధమన్నది ఒక సంగతి, అయినా డెల్టాలో ఆ మాట వినేవాడు లేడు. నేను చెప్పేది వేరే. నా గ్రైండరు రాయి మీద పండక్కి ఏ ప్రాణిని చీల్చే వస్తువూ తయారవదు. మొహమాటం లేకుండా పంపించేస్తాను. ఒకరిద్దరు ఇప్పటికీ ముఖం చాటేస్తారు.

కాదనలేని పని ఒకటి ఇంట్లోంచే వచ్చింది. జంతికల గొట్టంలో నక్షత్రం బిళ్ళ కోణాలు అరిగిపోయి, జంతికలు ముళ్ళు లేకుండా గుండ్రంగా దిగుతున్నాయట. "అంత ఇత్తడి పెట్టుకుని ఒక బిళ్ళ చెయ్యలేరా?" అంది మా ఆవిడ. చెయ్యగలను, కానీ ఆ ఇత్తడితో చెయ్యకూడదు. లేతు మీద పొడిపొడిగా తెగే ఇత్తడి అలా తెగడానికి అందులో సీసం కలుపుతారు, నూటికి మూడు పాళ్ళ దాకా. ఇంజనుకి అది బంగారం, తినే వస్తువుకి తగలకూడదు. 304 స్టెయిన్‌లెస్ బిళ్ళ కోసి, మధ్యలో బెజ్జం పెట్టి, సన్న మూడంచుల ఆకురాయితో ఆరు కోణాలూ తీశాను. స్టెయిన్‌లెస్‌ని ఆకురాయితో తియ్యడం ఎలాంటిదో చేసినవాళ్ళకి తెలుసు. ఇంజను సిలిండరు కంటే ఆ బిళ్ళకే ఇంట్లో పేరొచ్చింది. పక్కింటి పిన్నిగారూ ఒకటి అడిగారు.

భోగికి ముందు ఇంజను మొదటిసారి కూర్చింది గుర్తుంది. నూనె చుక్కలు వేసి, ప్లాస్టిక్ గొట్టం పెట్టి, నోటితో ఊదితే సిలిండరు ఒక్కసారి ఊగి ఆగింది. సిలిండరుని పలకకి అదిమి పట్టే స్ప్రింగు దగ్గర ఇక బేరం మొదలైంది. బిగిస్తే గాలి కారదు, రాపిడికి తిరగదు. వదిలితే తేలిగ్గా ఊగుతుంది, ముఖాల మధ్య నుంచి బుస్సుమని కారిపోతుంది. గేరునూనె తీసేసి కుట్టుమిషను నూనె వేశాను, పల్చటిది. స్ప్రింగుని బాల్ పెన్ను స్ప్రింగుకి మార్చి, నట్టు పావు చుట్టు, అందులో సగం చుట్టు వెనక్కి. కంప్రెసరు గాలి మీద ఒక అరగంట నడిపితే ముఖాలు ఒకదానికొకటి అలవాటుపడి మెరుపు సమంగా వచ్చింది. మళ్ళీ నోటితో ఊదాను. తిరిగింది. నెమ్మదిగా, చుట్టుకోసారి ఆలోచించుకుంటున్నట్టు తిరిగింది. మా అమ్మాయి లాక్కుని ఊదింది. మా అమ్మగారు కూడా ఊదుతానన్నారు కానీ దగ్గొచ్చి మానేశారు.

కొలువులో మూడు రోజులు నడవాలంటే నోరు చాలదు. చప్పుడు చెయ్యని గాలి కావాలి. పాత ఫ్రిజ్జు కంప్రెసరు దీనికి సరైన వస్తువు. ఫ్రిజ్జు పక్కన పడుకుంటే ఎంత చప్పుడో అంతే. దాన్నుంచి తుక్కులో కొన్న లారీ బ్రేకు గాలి ట్యాంకులోకి, అక్కడినుంచి రెగ్యులేటరు ద్వారా ఇంజనుకి. ట్యాంకుకి సేఫ్టీ వాల్వు పెట్టి, అది ఎక్కడ తెరుచుకుంటుందో చూశాకే ఇంట్లోకి తెచ్చాను. గ్యాసు సిలిండరు కోసి ట్యాంకులు చేసేవాళ్ళున్నారు, ఆ జోలికి పోవద్దు.

ఇంజను నిమిషానికి మూడొందల చుట్లు తిరిగితే రాట్నం పది చుట్లు తిరగాలి. పది మిల్లీమీటర్ల కప్పీ నుంచి యాభైకి, మళ్ళీ పది నుంచి అరవైకి, అంటే ముప్పై రెట్లు తగ్గుతుంది. బెల్టులు పాత టేప్ రికార్డరువి. ఒక బారు ఒత్తిడి మీద ఈ ఇంజను ఇచ్చేది లెక్క ప్రకారం ఒక వాటు పైచిలుకు, రాపిడి పోను అందులో ఎంత మిగులుతుందో దేవుడికెరుక. లక్క బొమ్మలు తేలిక కాబట్టి ఆరు పీటల మీద ఆరుగురూ హాయిగా తిరిగారు. కింద స్టీలు పళ్ళెం పెట్టాం, నూనె తుంపర్లు కొలువు గుడ్డ మీద పడకుండా. భోగి సాయంత్రం చంటిపిల్లలకి భోగిపళ్ళు పోసిన పేరంటాళ్ళు, తాంబూలం చేతిలో పెట్టుకుని, దశావతారాల వైపు చూడకుండా ఇంజను ముందు కూర్చున్నారు. మా అమ్మాయి నేల మీద కూర్చుని టికెట్లు పెట్టింది, ఊదితే ఒక రేగుపండు.

ముక్కనుమ నాడు మా వాళ్ళు దిగారు. డాక్టరుగారు ఆత్రేయపురం పూతరేకులు, బావ తాపేశ్వరం కాజాలు. మా ఇంట్లో పోకుండలు, అరిసెలు, ముళ్ళున్న జంతికలు. అరుగు మీద బల్ల వేసి తుండుగుడ్డ పరిచి ఎవరి వస్తువు వాళ్ళు పెట్టారు. డాక్టరుగారు గడియారం పళ్ళచక్రాలు కోసే కట్టరు ఒకటి చేశారు. ఏ దుకాణంలోనూ దొరకని సైజు, భూతద్దం పెట్టి చూడాలి. బావ పాత ఏరేటరు షాఫ్టుతో చిన్న వైసు చేశాడు, దవడల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి బిగిస్తే ఏ మూల లాగినా రాలేదు. మాస్టారు తెచ్చింది ఒక బొంగరం. ఇత్తడి ఒళ్ళు, ఉక్కు ముల్లు. పళ్ళెంలో తిప్పి వదిలి టీ తాగడం మొదలుపెట్టారు, టీ అయిపోయింది, బొంగరం ఆగలేదు. షావుకారుగారిది కాలువ లాకు. టేకు తొట్టె, ఎగువకీ దిగువకీ రెండు జతల తలుపులు, మీటలతో తెరుచుకునే చిన్న తూములు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో పడవలు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగింది ఇలాంటి లాకుల్లోంచే. మా తాతగారు పడవల్లో కొబ్బరికాయలు తెచ్చేవారండి, అందుకే చేశానన్నారాయన.

నా ఇంజనుకి మాస్టారు గొట్టం పీకి, చొక్కా జేబులోంచి కొత్త గొట్టం ముక్క తీసి తగిలించి ఊదారు. తిరిగింది. ఊపిరి అయ్యేదాకా ఊది, "సరే" అన్నారు. ఆయన నోట సరే అంటే అంతే.

ఆ తర్వాత పందెం మొదలైంది, ఎవరెంతసేపు ఆగకుండా తిప్పగలరని. నిజానికి చుట్టుకి పట్టే గాలి 2.26 ఘన సెంటీమీటర్లే, మనిషి ఛాతీలో లీటర్ల కొద్దీ ఉంటుంది. గాలి అయిపోయి ఎవరూ ఓడిపోరు, బుగ్గలు నొప్పెట్టి ఓడిపోతారు. బావ నెగ్గుతున్న సమయానికి గంగిరెద్దుల వాళ్ళు వచ్చారు. ఎద్దు చేత దండం పెట్టించి, బియ్యం వేయించుకుని, సన్నాయి ఊదే పెద్దాయన అరుగు దగ్గరికొచ్చి చూశాడు. "నేనూదనాండి?" అన్నాడు. ఇంకో కొత్త గొట్టం తగిలించి ఇచ్చాం.

సన్నాయికి కావలసింది సరిగ్గా ఇదే, తక్కువ గాలి, ఎక్కువ ఒత్తిడి. పైగా ఆయన బుగ్గల్లో గాలి నిలిపి, దాన్ని వదులుతూనే ముక్కుతో పీల్చుకుంటాడు. ఇంజను మొదలైంది. మేం చూస్తుండగానే స్పీడందుకుంది. ఒక్క చుట్టు కూడా తడబడలేదు. అరుగు మీద మాటలు ఆగిపోయి, మళ్ళీ మొదలై, పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి విసిగి మానేశారు. ఆయన మాత్రం కళ్ళు ఎద్దు మీద పెట్టి, అది ముగ్గులోకి అడుగేస్తుంటే చేత్తో అదిలిస్తూ, ఊదుతూనే ఉన్నాడు. చివరికి తనే ఆపి, "ఇది పాడదేంటండి?" అన్నాడు. బావ కాజాల పొట్లం మొత్తం ఆయన చేతిలో పెట్టేశాడు.

సాయంత్రం దాకా కూర్చుని మాట్లాడుకున్నది లాకు గురించి. దాని తలుపులు ఏ జతకి ఆ జత కలిసి ఎగువ నీటికి ఎదురుగా మొన చూపిస్తాయి, నీళ్ళు ఎంత నెడితే అంత గట్టిగా మూసుకుంటాయి. నా ఇంజనులో తద్విరుద్ధం, గాలి ముఖాల్ని విడదీయడానికే చూస్తుంది, అందుకే స్ప్రింగు. వచ్చే సంక్రాంతికి ఈ ఇంజనునే పడవలో పెట్టి ఆ లాకు దాటించాలని డాక్టరుగారి ప్రతిపాదన. మరి గాలి ఎక్కడినుంచి? బాయిలరు అని బావ నోరు తెరవబోతే మాస్టారు చూసిన చూపుకి మూసుకున్నాడు. లీటరు కూల్‌డ్రింక్ సీసాలో మూడు బార్లు నింపి, అరబారుకి తగ్గించి వాడితే ఏడొందల చుట్ల పైన వస్తాయని అక్కడే లెక్క వేశాను, రెండున్నర నిమిషాలు కూడా నిండవు. లీకుల్లో పోయేది పోను ఒకటిన్నర అనుకోవాలి. షావుకారుగారి లాకు నిండడానికే దాదాపు అంత పడుతుంది. కాబట్టి ఆయన తూములు పెద్దవి చెయ్యాలి, నేను గాలిని సన్నగా వదిలే నీడిల్ వాల్వు చెయ్యాలి. సీసాని ముందు నీళ్ళతో నింపి ఒత్తిడి పరీక్ష చెయ్యకుండా గాలి పెట్టకూడదని మాస్టారి షరతు. వాల్వుకి ఆరుపలకల ఇత్తడి ముక్క బావ ఇచ్చి వెళ్ళాడు. సూది మొన కోణం ఎంతుండాలో మాస్టారికీ డాక్టరుగారికీ ఇంకా కుదరలేదు, నిన్న కూడా ఫోన్లో వాదించుకున్నారట.